మా అత్త తగువాడటం మానేసిన ఏడాది

పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చిన మర్నాడు పొద్దున్నే నాకు మెలకువ వచ్చింది కంపెనీ సైరన్‌కి కాదు, మా అత్త గొంతుకి. ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకుని పెరట్లోకి పరుగెత్తాను. మా ఆయన మాత్రం మంచం మీంచి లేవకుండానే, "పొగ," అని ఒక్క మాట అని అటు తిరిగి పడుకున్నాడు.

ఊళ్లో కద్మా అనే పేటలో మాది కంపెనీ క్వార్టరు. రెండు గదులు, వెనక చిన్న పెరడు. మా పెరటికీ పక్కవాళ్ల పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. గోడకి ఇవతల మా అత్త, అవతల ఒడియా ఆవిడ. ఆవిడ రోజూ గోడ వారనే బొగ్గుల పొయ్యి రాజేసేది. ఆ పొగ వచ్చి మా అత్త ఆరేసిన చీరల మీద వాలేది. దాని గురించి వాళ్లిద్దరూ పద్దెనిమిదేళ్లుగా తగువాడుకుంటున్నారని తర్వాత తెలిసింది. ఇంకొన్నాళ్లకి ఇంకో సంగతి కూడా కనిపెట్టాను. గాలి తిరిగి పొగ ఆ చీరల మీదికి రాకుండా పక్కకి మళ్లిన రోజున, మా అత్త చీర ఈ తీగ మీంచి తీసి పొగ వెళ్లే వైపు తీగ మీద ఆరేసేది.

మా అత్త తెలుగులో అరిచేది, ఆవిడ ఒడియాలో. ఒకరి భాష ఒకరికి బాగానే వచ్చు, అయినా తగువుకి మాత్రం ఎవరి భాష వాళ్లదే. మరీ గొప్ప మాట ఏదైనా తట్టితే అది మా క్వార్టర్ల లైనులో అందరికీ అర్థం కావాలని హిందీలో అనేవారు. తగువుకి నియమాలు కూడా ఉండేవి. పిల్లల్ని అనకూడదు, పోయినవాళ్లని తేకూడదు. జనరల్ షిఫ్టు వాళ్లు సైకిళ్లెక్కే వేళకి ముగించెయ్యాలి. పదింటికల్లా గోడ మీంచి ఇటునుంచి కరివేపాకు వెళ్లేది, అటునుంచి వేయించిన వడియాలు వచ్చేవి. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు.

మిగిలిన రోజంతా మా అత్త గొంతు నాకు కేటాయించి ఉండేది.

"ఒలే కోడలా, ఇది పులుసేటి, పులుసు తానమాడిన నీలేటి?"

"ఏటా ముగ్గు? కోడి నడిసెల్లినట్టున్నాది."

విజయనగరం దగ్గర పల్లెలో నాకు నెమ్మదస్తురాలని పేరు. ఎదురు చెప్పేదాన్ని కాదు. మంచి కోడలంటే అత్తచేత పని చేయించకూడదని మా అమ్మ చెప్పి పంపింది. అందుకని ఒక్కొక్క పనే మా అత్త చేతిలోంచి తీసేసుకుంటూ వచ్చాను. బియ్యం ఏరడం, కూర తరగడం, రేషను, కిరసనాయిలు, అన్నీ. ఏడెనిమిదేళ్లు గడిచేసరికి ఆవిడకి మిగిలిన పని ఒక్క తగువు మాత్రమే. నేను మాత్రం నన్ను నేను మెచ్చుకుంటూ ఉండేదాన్ని.

ఎనభైల మొదట్లో పక్కింటి ఒడియాయన రిటైరయ్యాడు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. బాలాసోర్ పక్కన వాళ్ల ఊరికి సామాను లారీలో ఎక్కించారు. ఆ రోజు మా అత్త గోడ దగ్గరకి వెళ్లలేదు. ఒడియా ఆవిడ కూడా రాలేదు. లారీ కదిలే ముందు ఆవిడ మా వాకిట్లోకి వచ్చి, నా చేతిలో వడియాల డబ్బా పెట్టి, "తనకి చెప్పు, అక్కడ గాలి ఎటు వీస్తుందో నాకు తెలీదు," అని హిందీలో అని వెళ్లిపోయింది. లోపలికి వెళ్లి మా అత్తకి చెప్పాను. "సరే," అంది.

ఆ ఇంట్లోకి కొత్తగా పెళ్లయిన బిహారీ జంట దిగారు. వాళ్లకి గ్యాసు పొయ్యి ఉంది. మా లైనులో అదే మొదటి గ్యాసు పొయ్యి. మర్నాడు పొద్దున్న మా అత్త తడి చీర పట్టుకుని గోడ దగ్గర చాలాసేపు నిలబడింది. పొగ లేదు. కొత్త పెళ్లికూతురు గోడ మీంచి వంగి, "మాజీ, ప్రణామ్," అంది తియ్యగా. మా అత్త ఆ పిల్ల వైపు ఎగాదిగా చూసి, చీర ఆరెయ్యకుండానే లోపలికి వచ్చేసింది.

మొదటి రెండు వారాలు నేను సుఖపడ్డాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది గానీ, నిజం అదే. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ముగ్గు గురించి మాట లేదు. నా వంట బాగుపడిందనీ, ఇన్నాళ్లకి అత్త నన్ను ఒప్పుకుందనీ అనుకున్నాను. మా అన్నయ్యకి ఉత్తరం కూడా రాశాను, అత్త చాలా మారిపోయిందని.

తర్వాత ఒక రోజు పొరపాటున పులుసులో రెండుసార్లు ఉప్పు వేశాను. మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నీళ్ల గ్లాసు కోసం తడుముకున్నాడు. మా ఆరేళ్ల పాప ఉమ్మేసింది. మా అత్త మాత్రం నెమ్మదిగా కలుపుకుని తింటోంది.

"అత్తా, ఉప్పెక్కువైంది కదా?" అన్నాను భయంభయంగా.

"బాగున్నాది," అంది మా అత్త.

ఆ "బాగున్నాది"కి ముందు ఎప్పుడూ ఆవిడ నోట ఆ మాట వినలేదు.

అప్పటినుంచి గమనించడం మొదలుపెట్టాను. తిండి పిడికెడు. తెల్లారకముందే లేచి మంచం మీద ఊరికే కూర్చునేది. తల దువ్వుకోదు. అంతకుముందు నూనె రాసి, చిక్కు తీసి, ముడి మీద ముడి వేసుకునే మనిషి. అడిగితే ఒక రోజు మోకాళ్లంటుంది, ఒక రోజు నడుమంటుంది, ఒక రోజు గుండెల మీద ఎవరో తిరగలి పెట్టినట్టుందంటుంది. పాప వెళ్లి ఒళ్లో కూర్చుంటే నిమిరేది కాదు, దింపేదీ కాదు. పాప నా దగ్గరకి వచ్చి, "మమ్మీ, దాదీ కీ బ్యాటరీ ఖతమ్ హో గయీ," అంది. ఇంట్లో తెలుగులో అడిగినా హిందీలోనే జవాబు చెప్పే పిల్ల. అందరికంటే ముందు విషయం అర్థమైంది మాత్రం దానికే.

లైనులో అందరికీ తలో అభిప్రాయం ఉండేది. ఎదురింటావిడ దిష్టి అంది. ఒకావిడ వయసంది. మా ఆయనకి ప్రపంచంలో ఉన్న రోగాలన్నీ గ్యాసే. అరుగుదల టానిక్కు ఒకటి, బలం టానిక్కు ఒకటి, నిద్ర పట్టడానికి ఒకటి, నిద్ర లేవడానికి ఒకటి, మొత్తం నాలుగు సీసాలు తెచ్చాడు. మా అత్త నాలుగూ తాగింది. "ఎలగున్నాదమ్మా?" అని అడిగితే, "ఎరుపుది తియ్యగున్నాది," అంది. అంతే.

ఆఖరికి నాకొక ఆలోచన వచ్చింది. తగువు లేకే ఇలా అయ్యింది కాబట్టి తగువు కల్పిద్దాం అనుకున్నాను. గేటు తీసి వదిలేశాను, లైనులో మేసే మేక వచ్చి తులసికోట దాకా నడిచింది. మా అత్త మేకని చూసింది, మేక మా అత్తని చూసింది. ఇద్దరిలో ఎవరూ ఏమీ అనలేదు. చీపురు నిలువుగా పెట్టాను. ముగ్గు కావాలని వంకర వేశాను. చివరికి బజారు నుంచి బొగ్గుల పొయ్యి కొనుక్కొచ్చి, పెరట్లో ఆవిడ కుర్చీకి నాలుగడుగుల దూరంలో రాజేశాను. నాకే దగ్గొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కింటి పిల్ల కంగారుగా గోడ మీంచి చూసింది. మా అత్త నెమ్మదిగా లేచి, కుర్చీ అటు జరుపుకుని కూర్చుంది.

నేను పొయ్యి మీద నీళ్లు చల్లేసి ఆవిడ పక్కన చతికిలబడ్డాను. అప్పుడు మా అత్త నా వైపు చూడకుండా అంది.

"నాను పోతే మీకు ఒక గది కాళీ అవుద్ది కదమ్మా. మన గుంట సదువుకోడానికి బాగుంతాది."

కోపంగా అనలేదు, నిష్ఠూరంగా కూడా అనలేదు. వర్షం వస్తుందేమో అన్నట్టు అంది. ఇక వేళాకోళం చాలనిపించింది. మధ్యాహ్నం రిక్షా పిలిచి, మోకాళ్ల నొప్పికని చెప్పి ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్లాను.

డాక్టరు బెంగాలీ పెద్దాయన. లావుపాటి కళ్లద్దాలు. మోకాళ్లు చూశాడు, రక్తపోటు చూశాడు. రక్తం, మూత్రం పరీక్షలకి రాశాడు. తర్వాత కలం కింద పెట్టి హిందీలో ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. నిద్ర పడుతోందా? ఎన్నింటికి మెలకువ వస్తోంది? ఆకలి ఉందా? ఇంతకుముందు ఇష్టంగా చేసే పనేదైనా ఇప్పుడు మానేశారా? నేను మధ్యలో తెలుగులోకి మార్చి చెబుతున్నాను.

"ఇష్టంగా చేసే పని అంటే..." అని నేనాగాను. డాక్టరు కనుబొమ్మలెత్తాడు. "తగువు," అన్నాను. ఆయన నవ్వలేదు. కాగితం మీద రాసుకున్నాడు.

తర్వాత అడిగాడు, "చచ్చిపోవాలనిపిస్తుందా?"

ఆ మాట తెలుగులోకి మార్చడానికి నాకు నోరు రాలేదు. కానీ మా అత్తకి ఆ ఊళ్లో నలభై ఏళ్ల హిందీ ఉంది. నేరుగా ఆయనకే జవాబు చెప్పింది, సగం హిందీలో, సగం తెలుగులో. "రోజూ అనిపిత్తాది బాబూ. మగర్ ఉఠ్‌కే జానే కా తాకత్ నహీ."

లేచి వెళ్లే ఓపిక లేదట. నవ్వాలో ఏడవాలో తెలియక నేను చేతిసంచీ పట్టీ మెలిపెడుతూ కూర్చున్నాను.

డాక్టరు ఆవిడ వైపు వంగి, "అమ్మా, ఇది బద్ధకం కాదు, వయసూ కాదు. ఇదొక రోగం. దీన్ని డిప్రెషన్ అంటారు," అన్నాడు.

మా అత్త కంగారుపడిపోయింది. "ఆపరేసనా? కోతెట్టేత్తారేటే?"

"ఆపరేషన్ కాదత్తా."

"మరేటి?"

దానికి తెలుగులో ఏమనాలో నాకు తెలియలేదు. డాక్టరే కాసేపు ఆలోచించి, "ఉదాసీ కీ బీమారీ," అన్నాడు. ఉదాసీ అంటే దిగులు; అదొక జబ్బనీ, దానికో మందుందనీ అంటే మా అత్త నమ్మలేదు. "ఉదాసీకి మాత్తరేటి," అంది నాతో. కానీ నేను గమనించాను, ఆ జబ్బుకి ఒక పేరుందని విన్నాక ఆవిడ భుజాలు కొద్దిగా దిగాయి.

ఆయన మాత్రలు రాశాడు. మూడు నాలుగు వారాల దాకా తేడా కనిపించదనీ, మానెయ్యొద్దనీ చెప్పాడు. నోరు ఎండిపోతుంది, మంచం మీంచి నెమ్మదిగా లేవాలి. మాత్రల్ని జాగ్రత్తగా నా దగ్గరే ఉంచుకుని రోజుకొకటి చొప్పున ఇవ్వమన్నాడు. రోజూ పొద్దున్న బయట కొంచెం నడిపించమన్నాడు. "ధైర్యంగా ఉండు, నవ్వు, అని మాత్రం ఆవిడకి చెప్పకండి. కాలు విరిగినవాణ్ని పరుగెత్తమన్నట్టు ఉంటుంది," అన్నాడు. ఆఖర్న అడిగాడు, "ఇంట్లో ఆవిడ చేసే పనేంటి?"

నేను గర్వంగా, "ఏ పనీ చెయ్యనివ్వనండి," అన్నాను.

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అందుకు మీకు బహుమతి ఇవ్వాలా?" అన్నాడు. "ఆవిడ చెయ్యకపోతే ఇంట్లో ఆగిపోయే పని ఒక్కటైనా ఆవిడ చేతిలో పెట్టండి. ఇవాళే."

రిక్షాలో తిరిగి వస్తూ మా అమ్మ మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

సాయంత్రం మా ఆయనకి అంతా చెప్పాను. ఆయన మిల్లులో ఫిట్టరు. చాలాసేపు ఆలోచించి, "అంటే మోటారు బాగానే ఉన్నాది, బెల్టు జారిపోనాదన్నమాట," అన్నాడు. ఆయనకి అలా అర్థమైతే చాలనుకున్నాను. నాలుగు టానిక్కు సీసాలూ తీసి పారేశాం.

మాత్రలతో మొదటి వారం గడిచింది. రెండో వారంలో తులసికి నీళ్లు పోస్తుంటే మట్టిలో పసుప్పచ్చగా ఏదో కనిపించింది. తవ్వితే ఏడు మాత్రలు బయటపడ్డాయి. మా అత్తని అడిగితే, "ఉదాసీ నాకొక్కదానికేనేటి, దానికీ ఉంటాది," అంది. అప్పటినుంచి మాత్ర మింగాక, "ఆ అను," అని నోరు తెరిపించి చూసేదాన్ని. పాప కూడా పక్కన నిలబడి నాలుక కింద చూసి, "సాఫ్ హై," అని ధ్రువీకరించేది. మొదట్నుంచి లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది, కొత్తగా మూడు వారాలు.

పని విషయం ఇంకా కష్టమైంది. బియ్యం చేట ఒళ్లో పెట్టి, "నువ్వు ఏరకపోతే ఇవాళ అన్నం లేదత్తా," అన్నాను. ఆవిడ చేట పట్టుకుని అలాగే కూర్చుంది. పదకొండైంది, పన్నెండైంది. పాప బడినుంచి వచ్చి, "భూఖ్ లగీ," అని గొడవపెట్టింది. నా చేతులు చేట లాక్కోవాలని కొట్టుకుపోతున్నాయి. బిగబట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాను. ఒంటిగంటకి తిరిగొచ్చి చూస్తే పిడికెడు బియ్యం ఏరి పక్కన పెట్టి ఉన్నాయి. ఆ పిడికెడే వండి నలుగురం పంచుకుని, ఇరుగింటి నుంచి రొట్టెలు తెచ్చుకుని తిన్నాం. మర్నాడు రెండు పిడికెళ్లు. వారం రోజులు మేం అర్ధాకలితో ఉన్నాం.

నడక బాధ్యత మా ఆయన తీసుకున్నాడు. సి-షిఫ్టు అంటే రాత్రంతా మిల్లులో పని. పొద్దున్న సైకిల్ దిగి, అలాగే తల్లి చెయ్యి పట్టుకుని బయల్దేరేవాడు. మొదటి రోజు గేటు దాకా. మూడో రోజు మూడో క్వార్టరు దాకా. "ఇంక సాల్రా," అని ఆవిడ ఎక్కడ ఆగితే అక్కణ్నుంచి వెనక్కి.

అలా మూడో వారంలో ఒక రోజు. వాళ్లు వెళ్లి అరగంటైంది, ముప్పావుగంటైంది, రాలేదు. గేటు దగ్గరకి పరుగెత్తేసరికి మా అత్త ఒక్కతే వస్తోంది. కొంగు బిగించి, గబగబా. నన్ను చూసి దూరం నుంచే అంది.

"ఒలే, నీ మొగుడు రిచ్చాలో పడి నిద్దరపోతన్నాడు. లెగమంటే లెగడు. రిచ్చావోడు ఎక్కడికి పోవాలని అడుగుతన్నాడు. బేగి రా!"

వెళ్లి చూస్తే నిజమే. మలుపులో ఆగి ఉన్న రిక్షాకి కాలు తగిలి, పడబోయి, దాంట్లోనే కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. రిక్షావాడు బేరం దొరికిందని హ్యాండిల్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మేమిద్దరం చెరో చెయ్యీ పట్టి లేపుతుంటే మా అత్త పెదవి చివర ఏదో కదిలింది. నవ్వని చెప్పలేను. కానీ రెండు నెలల తర్వాత ఆవిడ నోటినుంచి వరసగా నాలుగు వాక్యాలు విన్నాను. దారి పొడవునా మా ఆయన్ని వదిలేసి ఆ వాక్యాలనే లెక్కపెట్టుకున్నాను.

నాలుగో వారంలో కిరసనాయిలు తేవడం ఆవిడకి అప్పగించాను. రేషను షాపు దగ్గర డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఆవిడ నీడలో ఇటుక మీద కూర్చుంది. నేను దూరంగా చెట్టు చాటున నిలబడ్డాను. ఇంతలో ఒకావిడ వచ్చి తన డబ్బాని నెమ్మదిగా కాలితో ముందుకి తోస్తూ మా డబ్బాకి ముందు పెట్టింది. మా అత్త చూసింది. చూసి తల తిప్పుకుంది. నా ప్రాణం ఉసూరుమంది.

మళ్లీ తల ఇటు తిప్పింది. నీరసంగా, దాదాపు మర్యాదగా, "బహెన్‌జీ, లైన్ పీఛే హై," అంది.

"మేం పొద్దున్నే డబ్బా పెట్టి వెళ్లాం," అంది ఆవిడ.

"పొద్దున్న నానొచ్చేసరికి ఇక్కడ డబ్బా నేదు, నువ్వూ నేవు, నీ తాతా నేడు!" అంటూ మా అత్త లేచి నిలబడింది. అంతా తెలుగులోనే. గొంతు మధ్యలో జీరపోయింది, మందు వల్ల నోరు ఎండిపోయి మాట తడబడింది. "ఆగు, నీలు తాగొత్తాను," అని పంపు దగ్గరకి వెళ్లి పుక్కిలించి వచ్చి మిగతాది పూర్తి చేసింది. అవతలావిడ అంతసేపూ ఆగింది కూడా.

చెట్టు చాటున నేను ఏడుస్తున్నాను. అటువైపు పోయే ఎవరో, "క్యా హువా?" అని అడిగారు. "మా అత్త తగువాడుతోంది," అన్నాను. పాపం అత్తగారి పోరు పడలేక ఏడుస్తున్నాననుకుని ఆ మనిషి నన్ను ఓదార్చి వెళ్లాడు.

ఆ రోజుతో అంతా బాగైపోయిందని చెబితే అబద్ధం. మర్నాడు మళ్లీ మంచం దిగలేదు. రెండు రోజులు బాగుంటే ఒక రోజు బాగుండేది కాదు. కానీ చెడ్డ రోజులు నెమ్మదిగా పలచబడ్డాయి. ఒక రోజు తల నూనె అడిగింది. ఒక రోజు పాపకి జడ వేసి, "ఇదేటి జుత్తు, ఎండుగడ్డిలాగ," అంది. ఆ వారమే నా పులుసుకి స్నానం చేసిన నీళ్లని మళ్లీ పేరొచ్చింది. మా ఆయన కంచం ముందు కూర్చుని, "మా అమ్మొచ్చీసింది," అన్నాడు.

మూడో నెల చూపించడానికి వెళ్తే, బాగైపోయింది కాబట్టి మాత్రలు మానేస్తానని డాక్టరుతో అరగంట వాదించింది. ఇంకా చాలా నెలలు వాడాల్సిందేనని ఆయనా పట్టుబట్టాడు. బయట వరసలో ఉన్నవాళ్లు తలుపు సందులోంచి చూశారు. చివరికి ఆయనే గెలిచాడు. మా అత్త బయటికి వచ్చి, "మంచి డాక్టరే. మాటకి మాట అంతాడు," అంది సంతృప్తిగా.

ఇంతటితో కథ అయిపోతే మేం నలుగురమే బాగుపడేవాళ్లం. కానీ మా అత్తకి ఆ జబ్బు పేరు తెలిసిపోయింది.

మా లైను చివరి క్వార్టరులో శ్రీకాకుళం వైపు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ముప్పై ఏళ్లు క్రేను డ్రైవరుగా చేసి రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్నాడు. ముప్పై ఏళ్లూ అంత ఎత్తున కూర్చుని కింద ఉన్నవాళ్లందరూ తన వైపు చెయ్యెత్తి సైగలు చేస్తుంటే పని చేసిన మనిషి. ఇప్పుడు వరండాలో కుర్చీ వేసుకుని గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. వీధి వైపు కాదు. అందరూ ఆయన్ని శాంతమూర్తి అనేవాళ్లం.

ఒక రోజు పొద్దున్న నడకకి వెళ్తూ మా అత్త ఆగింది. నేనూ ఆగాను. ఆవిడ ఆయన వీపు వైపు కాసేపు చూసి, గేటు తీసుకుని నేరుగా వెళ్లి, గోడకీ ఆయనకీ మధ్య నిలబడింది.

"అన్నా, నిద్దర పడతందా?"

ఆయన బిత్తరపోయాడు. "మూడింటికి ఇడిసిపోతాదమ్మా," అన్నాడు.

"ఆకలి?"

"ఏటుంటాది."

"సచ్చిపోవాలని ఉన్నాదేటి?"

అప్పుడే టీ తెస్తున్న ఆయన కోడలి చేతిలో కప్పు పళ్లెంలో ఒలికిపోయింది. నేను మా అత్త కొంగు పట్టుకుని లాగాను. ఆవిడ విదిలించుకుంది. పెద్దాయన నేల వైపు చూస్తూ, "ఉన్నాదమ్మా," అన్నాడు.

ఆయన కోడలు అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. ఒకే ఇంట్లో ఉంటూ ఆవిడకి తెలియదు. నాకు తెలియనట్టే.

మా అత్త మాత్రం, "నాకూ ఉండేది. దానికి మందుంది. సొక్కా ఏసుకో," అంది.

ఆ రోజే రిక్షాలో తనే పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లింది. డాక్టరు ప్రశ్నలు మొదలుపెట్టేలోపు, "అవన్నీ నానడిగీసాను, మందు రాయి," అందట. "డాక్టరు నువ్వా నేనా?" అని ఆయన అడిగాడట. అయినా మొదట్నుంచి మళ్లీ అడిగాకే రాశాడు.

రెండు నెలలు తిరిగేసరికి పొద్దున్న నడకకి ఐదుగురయ్యారు. మా అత్త, క్రేను అన్న, భర్త పోయిన బిహారీ ముసలమ్మ ఒకావిడ, చెవులు సరిగా వినపడని పంజాబీ డ్రైవరు, రిటైరైన టైమ్‌కీపరు ఒకాయన. టైమ్‌కీపరుకి మా అత్త ఇచ్చిన పని హాజరు రాయడం. ఆయన నోటు పుస్తకంలో గీతలు గీసి, ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఎర్ర సిరాతో రాసేవాడు. క్రేను అన్నకి ఇచ్చిన పని ముందు నడిచి గుంతలు చూడటం. ఒకప్పుడు కిందివాళ్లు క్రేనుకి చేసినట్టే ఆయన చెయ్యెత్తి సైగ చేస్తే వెనకవాళ్లు ఆగాలి. నలుగురు ముసలివాళ్లు నడిరోడ్డు మీద చెయ్యి సైగకి టక్కున ఆగడం, మళ్లీ కదలడం చూసి సైకిళ్లవాళ్లు దిగి దారిచ్చేవారు. ఎవరైనా ఒక రోజు రాకపోతే నలుగురూ కలిసి ఆ ఇంటికి వెళ్లి వాకిట్లో నిలబడేవారు. అది భరించలేక జ్వరం ఉన్నవాళ్లు కూడా ముందుగా కబురు పంపేవారు.

అందరూ మాట విన్నారని కాదు. ఊరికి అటు చివరన సిద్ధగోరాలో మా దూరపు చుట్టం ఒకావిడ ఉండేది. "అది పిచ్చోళ్ల మందు, నాకెందుకు," అని తలుపు వేసుకుంది. మా అత్త నెలకి రెండుసార్లు రిక్షాలో అంత దూరం వెళ్లి ఆ వాకిట్లో కూర్చుని వచ్చేది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏటీ నేదు. కూకున్నాను. అది తలుపు సందులోంచి సూసింది," అనేది. ఆవిడ ఆస్పత్రికి ఎప్పటికీ రాలేదు. మా అత్త వెళ్లడం మానలేదు.

మాత్రలు ఆపేసిన రెండేళ్లకి, వానాకాలంలో, ఒక రోజు నేను కూర తరుగుతుంటే మా అత్త వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అప్పటికి నాలుగు రోజులుగా వానకి నడక లేదు. మొహం కొంచెం వాడి ఉంది. జలుబనుకున్నాను.

"ఒలే కోడలా," అంది. "అది మళ్లీ వత్తన్నాది."

"ఏదత్తా?"

"ఉదాసీ. మూడ్రోజులై మూడింటికి నిద్దర ఇడిసిపోతన్నాది. నిన్న నీ కూర బాగున్నాదనిపించింది. రిచ్చా పిలువు."

నేను కత్తిపీట వదిలి చెప్పులు వేసుకోబోయాను. ఆవిడ నన్ను ఆపింది. గుంట బడినుంచి వచ్చే వేళ, నువ్వుండు అంది. ఒక్కదాన్నే ఎలా పంపనని నేను అంటుండగానే, గేటు బయట గొడుగులు కనిపించాయి. టైమ్‌కీపరు, బిహారీ అవ్వ, క్రేను అన్న. ఆవిడ ముందే కబురు పెట్టిందట. రిక్షాలో ఇద్దరికే చోటు. ముగ్గురూ నేనంటే నేనని పంతం పట్టారు. చివరికి మా అత్త, అవ్వ సీటు మీద కూర్చున్నారు. టైమ్‌కీపరు వెనక సైకిల్ మీద. క్రేను అన్న గొడుగు పట్టుకుని రిక్షాకి ముందు నడుస్తూ, గుంతొచ్చిన చోటల్లా చెయ్యెత్తి ఆపుతూ. రిక్షావాడు తొక్కడం మానేసి, దిగి, నవ్వుకుంటూ లాక్కుంటూ వెళ్లాడు. మలుపు తిరిగేదాకా మా అత్త గొంతు వినిపిస్తూనే ఉంది, నెమ్మదిగా పోనిమ్మని.

ఆసారి నెలన్నరలో తేరుకుంది.